మందులు ఆపిన మర్నాడు



మా మేడమీద వాటాలో ఒక చిన్న సంసారం ఉంది. భార్యా భర్తా, ఇద్దరు పిల్లలు. పిల్లవాడికి అయిదో ఏట రక్తకేన్సరు వచ్చింది. రెండున్నరేళ్ళకు పైగా వైద్యం చేయించారు. ఎన్ని సూదులు, ఎన్ని సీసాల నెత్తురు, ఎన్ని రాత్రులు ఆసుపత్రి వరండాల్లో! చివరికి ఒకనాడు డాక్టరుగారు కాగితాలన్నీ చూసి, "ఇక మందులు ఆపేయవచ్చు" అన్నారు. గండం గడిచి పిండం బయటపడిందని అందరం సంతోషించాం. వాళ్ళు సత్యనారాయణ వ్రతం చేసుకుని వీధి వీధంతా ప్రసాదం పంచారు.

మర్నాడు మధ్యాహ్నం గిన్నె తిరిగి ఇద్దామని పైకి వెళ్ళాను. ఆ అమ్మాయి వంటింట్లో పీటమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. "ఇదేమిటమ్మా, సంతోషంగా ఉండాల్సిన వేళ ఈ ఏడుపేమిటి?" అన్నాను. అలా అన్నందుకు తర్వాత నొచ్చుకున్నాను గాని, అప్పటికి నోటికి వచ్చిన మాట అదే. ఆమె తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "ఇన్నాళ్ళూ మందులు కాపలా కాశాయి పిన్నిగారూ. ఇవాళ్టి నుంచి వాడికి ఎవరు కాపలా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. తెలుసుకుందామని పుస్తకాలు తిరగవేశాను, తెలిసినవాళ్ళను అడిగాను. అప్పుడు నాకు అర్థమైనదేమిటంటే, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా కొత్తది. మన అమ్మమ్మల కాలంలో ఏ దేశపు తల్లికీ ఆ ప్రశ్న అడిగే అవకాశమే రాలేదు. ఆ అవకాశం ఎలా వచ్చిందో, దానితోబాటు తల్లిదండ్రుల గుండెల్లోకి ఈ కొత్త బరువు ఎలా వచ్చిందో, ఆ చరిత్రే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముప్పావు శతాబ్దం వెనక్కి వెళదాం. 1947 ముందు రక్తకేన్సరు వచ్చిన పిల్లవాడు కొద్ది వారాలో, కొద్ది నెలలో బతికేవాడు. అంతే. డాక్టర్లు చేయగలిగిందల్లా నెత్తురు ఎక్కించడం, నొప్పి తెలియకుండా చూడడం. తల్లిదండ్రులకు ఎదురుచూడడానికి కూడా వ్యవధి ఉండేది కాదు.

ఈ కథలో మొదటి మలుపు వెనుక మన తెలుగువాడే ఉన్నాడంటే మీకు గర్వంగా ఉంటుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మానేసి, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెంకమ్మగారు వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో వేశారని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. పెద్దయ్యాక ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, నెత్తురు పలచబడి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు అధిపతి అయ్యారు. స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లమనే విటమిను ఆయన బృందమే అక్కడ తయారుచేసింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ రోజుల్లో పిల్లల రక్తకేన్సరు గురించి తలబద్దలు కొట్టుకుంటున్నాడు. ఫోలిక్ ఆమ్లం జాతి మందు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గడానికి బదులు మరింత జోరందుకున్నట్టు కనిపించింది. అయితే దానికి విరుగుడు ఇస్తే? ఆ విరుగుడును సుబ్బారావుగారి పరిశోధనశాలే తయారుచేసి పంపింది. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రకటించాడు. బాగా జబ్బుచేసిన 16 మంది పిల్లలకు ఆ మందు ఇస్తే, 10 మందిలో జబ్బు వెనక్కు తగ్గింది. లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు.

కాని ఆ తగ్గుదల కొద్ది నెలలే. జబ్బు మళ్ళీ వచ్చేది. పోయినట్టే పోయి తిరిగిరాగల జబ్బు ముందు ఎలా బతకాలి అన్నది తల్లిదండ్రులకు అప్పుడే మొదటిసారి ఎదురైంది. సుబ్బారావుగారు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. తన మందు ఎంత దూరం పోతుందో ఆయన చూడలేదు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ పిల్లల రక్తకేన్సరుకు వాడుతున్నారు. మా మేడమీద పిల్లవాడు వారానికోసారి మింగిన పసుపుపచ్చ మాత్రలు అవే. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి మాత్రల డబ్బా తెచ్చి, చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "మన భీమవరమా!" అంది.

ఆ 1948లోనే మరొక సంగతి జరిగింది. అది రేడియోకు సంబంధించినది గనుక చెప్పకుండా ఉండలేను. మే 22వ తేదీ రాత్రి అమెరికా దేశమంతటా ఒక రేడియో కార్యక్రమం ప్రసారమైంది. బోస్టన్ ఆసుపత్రి మంచంమీద ఉన్న పన్నెండేళ్ళ కుర్రవాడితో వ్యాఖ్యాత మాట్లాడాడు. వాడికి పేగుల్లో లింఫోమా అనే కేన్సరు. అసలు పేరు చెప్పకుండా "జిమ్మీ" అన్నారు. నీకు ఇష్టమైన బేస్‌బాల్ ఆటగాళ్ళు ఎవరని అడిగారు. వాడు పేరు చెప్పడం, ఆ ఆటగాడు గదిలోకి నడిచి రావడం! ఆట చూడడానికి వాడికి ఒక టెలివిజన్ కొనిపెడదాం, డబ్బు పంపండని శ్రోతలను కోరారు. రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. ఆ డబ్బుతో పిల్లల కేన్సరు పరిశోధనకు ఒక నిధి ఏర్పడింది. నేటికీ నడుస్తోంది.

జిమ్మీ ఏమయ్యాడు? పోయి ఉంటాడనే చాలామంది అనుకున్నారు. సరిగ్గా 50 ఏళ్ళ తర్వాత, 1998లో, మెయిన్ రాష్ట్రంలో లారీ తోలే ఐనార్ గుస్టాఫ్‌సన్ అనే అరవై దాటిన మనిషి "ఆ జిమ్మీని నేనే" అని బయటికి వచ్చాడు. లోకమంతా ఆశ్చర్యపోయింది. నాకు మాత్రం అది చదువుతుంటే వేరే ఆలోచన వచ్చింది. ఆ రాత్రి రేడియోలో కుర్రవాడి గొంతు కోట్లమంది విన్నారు. పిల్లవాడు ఇంటికి వచ్చాక, వాడికి జ్వరం వచ్చిన ప్రతి రాత్రీ ఆ తల్లి ఎలా గడిపిందో ఎవరైనా అడిగారా? ఆ రోజుల్లో అది అడగవలసిన ప్రశ్నేనని ఎవరికీ తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. ఆనాటి పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో తల్లి అంటే ఒక అడ్డంకి. ఇంగ్లండులో చాలాచోట్ల పిల్లవాడిని చేర్పించి వెళ్ళిపోవాలి. చూడడానికి వారానికి ఏ ఒక్కరోజో రానిచ్చేవారు. తల్లి వస్తే పిల్లలు ఏడుస్తారని, రాకపోతే బుద్ధిగా ఉంటారని నర్సుల నమ్మకం. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో ఒక చిన్న సినిమా తీశాడు. రెండేళ్ళ పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ పసి ముఖంలో ఏమేమి మార్పులు వచ్చాయో, ఉన్నదున్నట్టు చూపించాడు. పాప బుద్ధిగా ఉండడం కాదు, ఆశ వదులుకోవడం అది. డాక్టర్లలో చాలామందికి ఆ సినిమా మీద కోపం వచ్చింది. అయినా మాట లోపలికి దిగింది. 1959లో అక్కడి ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఏ వేళప్పుడైనా రానివ్వాలి, చిన్నపిల్లల తల్లులకు పక్కనే ఉండే వీలు కల్పించాలి అని సిఫారసు చేసింది. అది అమలయ్యేందుకు మళ్ళీ తల్లులే సంఘాలు పెట్టుకుని పోరాడవలసి వచ్చింది.

మన దేశంలో ఈ బాధ కొంత తక్కువే. మన ఆసుపత్రిలో రోగి పక్కన మనవాళ్ళు లేకపోతే పనే జరగదు. తల్లి మంచం పక్కన చాప పరుచుకుంటుంది, అమ్మమ్మ కేరియరు తెస్తుంది, తండ్రి మందుల చీటీ పట్టుకుని పరుగెడతాడు. అయితే మన కష్టం ఇంకో విధమైనది. ఊరుగాని ఊళ్ళో ఆ తండ్రి రాత్రి ఎక్కడ పడుకుంటాడు? ఎక్కడ స్నానం చేస్తాడు? ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

1950ల్లో, 60ల్లో మందులు ఒక్కొక్కటే చేరాయి. అందులో ముఖ్యమైన ఒక మందు వెనుక జెర్ట్రూడ్ ఎలియన్ అనే మహిళ ఉంది. ఆమె తన సహచరుడు హిచింగ్స్‌తో కలిసి తయారుచేసిన మెర్కాప్టోప్యూరిన్ 1953లో వాడకంలోకి వచ్చింది. 1988లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. మన పిల్లలు రోజూ మింగే మాత్ర అదే. ఇక మెంఫిస్ నగరంలో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ అనే డాక్టరు ఈ మందులన్నిటినీ ఒక వరుసలో, రెండు మూడేళ్ళపాటు ఇచ్చే పద్ధతి పెట్టాడు. జబ్బు మెదడులో దాక్కోకుండా దానికీ విడిగా వైద్యం చేశాడు. 1970ల మొదట్లో అతడు చెప్పిన మాట లోకం వెంటనే నమ్మలేకపోయింది. ఆ పద్ధతిలో వైద్యం పొందిన పిల్లల్లో సగంమందికి జబ్బు పూర్తిగా పోతోందన్నాడు!

ఇదంతా పిల్లల సంగతి. మరి పెద్దల సంగతి? అమెరికా ప్రభుత్వ పరిశోధనాసుపత్రిలో కొందరు మానసిక వైద్యులు ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు 46 మందిని దగ్గరగా గమనించి 1963లో ఒక వ్యాసం ప్రచురించారు. దాని పేరులోనే ఉంది ఆనాటి ఆలోచన. బిడ్డ మరణం కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు, అని. బిడ్డ బతుకుతాడన్న లెక్కే లేదు. అయినా అందులో మనకు పనికివచ్చే మాటలు రెండున్నాయి. ఒకటి, దాదాపు ప్రతి తల్లీ తండ్రీ తప్పు తమదేనని అనుకున్నారు. జ్వరం వచ్చిన మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే బాగుండేది, ఫలానా రోజు కసరకుండా ఉంటే బాగుండేది అని. రెండు, బంధువుల ఓదార్పు కన్నా పక్క మంచం పిల్లవాడి తల్లితో మాట్లాడితేనే వాళ్ళకు ఎక్కువ ఊరట కలిగింది. బంధువులు "ఏం కాదులే, డాక్టర్లు పొరపాటు పడ్డారేమో" అంటుంటే, అది ధైర్యం కాదు, ఇంకో బరువు.

ఈ రెండో మాటను పుస్తకం చదివి కాక, తమ అనుభవంతోనే పట్టుకున్నారు కొందరు తల్లిదండ్రులు. 1970లో వాషింగ్టన్‌లో కొద్దిమంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. చీకటిని తిట్టుకుంటూ కూర్చోవడం కన్నా ఒక కొవ్వొత్తి వెలిగించుకోవడం మేలు అన్న సామెత మీద, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. నెలకోసారి కలుసుకునేవారు, ఉత్తరాలు రాసుకునేవారు, ప్రభుత్వాన్ని నిధులు అడిగేవారు. ఊరూరా శాఖలు పుట్టాయి.

1974లో ఫిలడెల్ఫియాలో మరో మంచి పని జరిగింది. ఫ్రెడ్ హిల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి చిన్న కూతురుకు రక్తకేన్సరు. భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రి కుర్చీల్లో కునుకు తీస్తూ, పైసలు వేస్తే తిండి ఇచ్చే యంత్రాల దగ్గర కడుపు నింపుకుంటూ ఉండేవారు. చుట్టూ చూస్తే అందరిదీ అదే స్థితి. ఆ ఊళ్ళోని పిల్లల కేన్సరు వైద్యురాలు ఆడ్రీ ఎవాన్స్ చాలాకాలంగా ఒకే మాట అంటోంది. ఈ తల్లిదండ్రులకు ఆసుపత్రి పక్కన ఒక ఇల్లు కావాలి అని. హోటలు కాదు, సత్రం కాదు, ఇల్లు. వంటగది ఉండాలి. కష్టం తెలిసిన నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఆటగాళ్ళూ, ఒక ఫలహారశాలల కంపెనీ కలిసి డబ్బు సమకూర్చాయి. ఆ అక్టోబరులో మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ ఇల్లు తెరుచుకుంది. ఇప్పుడు అలాంటివి ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

ఇక మన అమ్మాయి ప్రశ్న దగ్గరికి వద్దాం. 1970లు దాటేసరికి, జబ్బు తగ్గి బడికి పోతున్న పిల్లలు వందల్లో తేలారు. అప్పుడు బోస్టన్‌లోనే కూకర్, ఓమాలీ అనే ఇద్దరు ఆ పిల్లలనూ వాళ్ళ కుటుంబాలనూ కలుసుకుని మాట్లాడి 1981లో ఒక పుస్తకం వెలువరించారు. దానికి డామొక్లీస్ పేరు పెట్టారు. ఆ పాత గ్రీకు కథ మీలో కొందరు వినే ఉంటారు. రాజభోగం ఎంత బాగుంటుందో అని డామొక్లీస్ అనేవాడు ఆశపడితే, రాజు వాడిని తన సింహాసనం మీదే కూర్చోబెట్టాడు. ఎదురుగా పంచభక్ష్య పరమాన్నాలు. నెత్తిమీద చూస్తే గుర్రపు వెంట్రుకకు వేలాడుతున్న కత్తి! జబ్బు తగ్గిన ఇల్లు అలాంటిదేనని వాళ్ళన్నారు. విందు ఉంది, కత్తీ ఉంది. మా మేడమీది వ్రతం గుర్తుకు వచ్చింది నాకు.

తర్వాత 1990ల్లో ఆన్ కజాక్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇంకొంచెం లోతుకు వెళ్ళారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు ఏళ్ళ తరబడి కలలు రావడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, ఆ చోటు పేరెత్తితే చెమటలు పట్టడం ఉంటుందని, అది జబ్బేనని 1980లో వైద్యశాస్త్రం ఒప్పుకుంది. బిడ్డకు ప్రాణాంతకమైన జబ్బని తెలియడం కూడా అలాంటి దెబ్బేనని 1994లో ఒప్పుకుంది. కజాక్ బృందం రక్తకేన్సరు నయమైన పిల్లలనూ వాళ్ళ తల్లిదండ్రులనూ, మామూలు కుటుంబాలతో పోల్చి చూసి 1997లో ఫలితాలు ప్రకటించింది. పిల్లల్లో పెద్ద తేడా లేదు. తల్లుల్లో, తండ్రుల్లో తేడా స్పష్టంగా ఉంది. వైద్యం అయిపోయి ఏళ్ళు గడిచినా సరే!

ఇందులో వింతేముంది అనిపిస్తుంది, ఆలోచిస్తే. పసివాడికి తెలిసింది సూది నొప్పి, చాక్లెట్టు, నర్సమ్మ. తల్లికి తెలిసింది ఆ సూది ఎందుకో. వాడు ఒక్కొక్క రోజే చూశాడు. ఆమె రాబోయే రోజులన్నీ చూసింది. మా అమ్మాయి చెబుతుంది, "దారిలో ఎక్కడైనా స్పిరిట్ వాసన తగిలితే కాళ్ళు వణుకుతాయి పిన్నిగారూ. వాడి మోకాలి మీద కమిలిన మచ్చ కనిపిస్తే, ఆడుతూ పడ్డాడని తెలిసినా, ఆ రాత్రి నిద్ర ఉండదు" అని. ఆయనగారి మాట వేరు. ఆయన ఏమీ అనడు. పిల్లవాడి రక్తపరీక్ష రోజు మాత్రం ఆఫీసు పని ఉందని బయటికి పోయి, రిపోర్టు వచ్చిందాకా రోడ్డుమీద తిరుగుతాడట. ఇది నిర్లక్ష్యం అనుకుని ఇద్దరి మధ్యా మాటలు లేని రోజులు కూడా గడిచాయి. అదీ భయమేనని, మగవాళ్ళ భయం ఆ రూపంలో ఉంటుందని ఆమెకు తర్వాత తెలిసింది.

మన దేశపు సంగతి చూద్దాం. మద్రాసులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు, తన చెల్లెలు కేన్సరుతో పోయిన దుఃఖాన్ని మరవక, 1954లో అడయారులో 12 మంచాలతో కేన్సరు ఆసుపత్రి నెలకొల్పారు. ఆమె వెంట డాక్టరు శాంతగారు 2021లో కన్నుమూసేవరకు ఆ ఆసుపత్రినే ఇల్లు చేసుకున్నారు. 1960లోనే అక్కడ పిల్లలకు ప్రత్యేక విభాగం ఏర్పాటయింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరున రేడియం ఆసుపత్రి 1955లో వచ్చింది. 1984లో బొంబాయి, ఢిల్లీ, మద్రాసు పెద్దాసుపత్రులు కలిసి మన పిల్లలకు, మన స్తోమతకు తగిన మందుల వరుస ఒకటి రూపొందించి అమలు చేశాయి. అంతకు ముందుకన్నా ఎంతో ఎక్కువమంది పిల్లలు నిలిచారు. ఈనాడు ధనిక దేశాల్లో కేన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారు. మన దగ్గర ఇంకా అంత లేదు. కాని ఏటికేడూ పెరుగుతోంది.

పిల్లలు నిలిచాక చూడవలసింది మరొకటి ఉందని ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1991లోనే గుర్తించింది. వైద్యం పూర్తయిన పిల్లల కోసమే విడిగా ఒక క్లినిక్ తెరిచింది. వాళ్ళ గుండె ఎలా ఉంది, ఎత్తు పెరుగుతున్నారా, చదువు ఎలా సాగుతోంది అని ఏళ్ళ తరబడి చూసే చోటు అది. మన అమ్మాయి ప్రశ్నకు ఒక జవాబు ఇదే కదా! మందులు ఆగినా కాపలా ఆగదు. ఆసుపత్రి తలుపు మూసుకోదు. కొన్ని మందుల వలన ఏళ్ళ తర్వాత గుండెకు, ఎదుగుదలకు ఇబ్బంది రావచ్చు గనుక ఆ పరీక్షలు అవసరం కూడా.

ఇక ఇందాకటి తండ్రి రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్న. ముంబైలో ఆసుపత్రి ముందరి పేవ్‌మెంటు మీద బిడ్డతో సహా కాపురముండే కుటుంబాలను చూసి, 2006లో సెయింట్ జూడ్ ఇండియా పేరుతో ఉచిత వసతి గృహాలు ప్రారంభమయ్యాయి. ఒక్కో కుటుంబానికి ఒక గది, వంట చేసుకోవడానికి గట్టు, పిల్లలకు చదువు. ఇప్పుడు హైదరాబాదులోనూ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో ఆ డాక్టరమ్మ అన్న మాట, హోటలు కాదు ఇల్లు కావాలన్నది, మన దగ్గరికి రావడానికి ముప్పై రెండేళ్ళు పట్టిందన్నమాట.

మన ఇళ్ళల్లో మరికొన్ని బరువులున్నాయి. వాటిని ఏ విదేశీ పుస్తకమూ చెప్పదు. వైద్యానికి అమ్మిన పొలం, తాకట్టులో ఉన్న గాజులు, మందులు ఆగినా ఆగని వడ్డీ. ప్రభుత్వ పథకాలు వచ్చాక ఆసుపత్రి ఖర్చు కొంత తేలికైనా, దారి ఖర్చులూ పోయిన జీతాలూ ఎవరిస్తారు? పైగా "మా వంశంలో ఎవరికీ లేదు, నీ వైపు నుంచే వచ్చింది" అనే అత్తవారి మాట. "ఎవరికీ చెప్పకు, రేపు పెళ్ళి కాదు" అనే పుట్టింటివారి సలహా. ఆడపిల్లయితే ఆ మాట ఇంకా పదునుగా ఉంటుంది. సోదరీమణులారా, ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. పిల్లలకు వచ్చే రక్తకేన్సరు అంటుజబ్బు కాదు. తల్లి వండిన వంటవల్ల, పెంచిన తీరువల్ల వచ్చేది అంతకన్నా కాదు. ఏ తల్లి నెత్తిమీదా ఆ నేరం మోపకండి. మీరు మోపుకోకండి.

రెండో బిడ్డ సంగతి కూడా మరవకూడదు. అన్నయ్యకు జబ్బు చేసిన రెండేళ్ళూ మా మేడమీది పాప అమ్మమ్మగారింట్లో పెరిగింది. ఇప్పుడు తిరిగి వచ్చింది. ఒకరోజు తల్లితో అందట, "నాకూ జ్వరం వస్తే బాగుండు" అని. ఆ మాట విని తల్లి కుప్పకూలిపోయింది. పాపం, పాపకు కావలసింది జ్వరం కాదు, అమ్మ.

మరి ఈ భయానికి మందు లేదా? ఉంది. కొంతవరకు ఉంది. అమెరికాలో కొందరు పరిశోధకులు, కేన్సరు వచ్చిన పిల్లల తల్లులు 430 మందితో ఒక ప్రయత్నం చేసి 2005లో వివరాలు ప్రచురించారు. కొందరు తల్లులకు ఓదార్పు మాటలు కాక, ఒక పద్ధతి నేర్పారు. అన్ని కష్టాలనూ ఒక్క మూట కట్టుకుని మోయకుండా ఒకటి బయటికి తీసి పేరు పెట్టడం. దానికి ఏమేమి చేయవచ్చో రాసుకోవడం. ఏది మేలో తూచుకోవడం. అది చేయడం. చేశాక పనిచేసిందో లేదో చూసుకోవడం. ఇంతే! మనం పచారీ సరుకుల చిట్టా రాసుకున్నట్టే. అలా నేర్చుకున్న తల్లులకు దిగులు, కుంగుబాటు తగ్గాయి. 2015లో అక్కడి నిపుణులు పిల్లల కేన్సరు వైద్యంలో ఏవి తప్పనిసరో 15 సూత్రాలుగా రాసినప్పుడు, తల్లిదండ్రుల మనసు ఎలా ఉందో కనుక్కోవడం, అవసరమైతే సాయమందించడం అందులో ఒకటిగా చేర్చారు. చూశారా, జిమ్మీ తల్లిని ఎవరూ అడగని ప్రశ్న, 67 ఏళ్ళకు వైద్యంలో భాగమైంది.

మా అమ్మాయి ఆ పద్ధతిలోనే ఒక కాగితం తీసుకుని కూర్చుంది. మొదట రాసినది, "వాడికి జ్వరం వస్తే ఏం చేయాలో తెలియదు" అని. తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారినే అడిగింది. ఎంత జ్వరానికి రావాలి, ఎన్ని రోజులు చూడాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా రావాలి అని. ఆయన చెప్పింది రాసుకుని బీరువా తలుపుకు అంటించింది. ఇచ్చిన మందులన్నిటి పేర్లూ, మోతాదులూ ఒక కాగితం మీద రాయించుకుని ఫైలులో పెట్టింది. జబ్బు తిరగబెట్టే ప్రమాదం మొదటి కొద్ది ఏళ్ళలోనే ఎక్కువని, ఏడాది గడిచినకొద్దీ తగ్గుతుందని ఆయన చెప్పాడట. "ఆ మాట నేను అడగనే లేదు పిన్నిగారూ, అడగడానికి కూడా భయం. అడిగాక కొంచెం ఊపిరి ఆడింది" అంది.

రెండో అంశం, "నాకు నిద్ర లేదు." దానికి సిగ్గుపడుతూనే మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్ళింది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, ఆకలి పోయినా వెళ్ళవలసిందేనండీ. అది పిచ్చి కాదు, బలహీనత కాదు. రెండేళ్ళు యుద్ధం చేసివచ్చిన సైనికుడు అలసిపోడా? ఆ రెండేళ్ళలో తన బి.పి. చూపించుకున్నది లేదు, పుచ్చిన పన్ను తీయించుకున్నది లేదు. ఇప్పుడు ఒక్కొక్కటే చేయించుకుంటోంది.

మూడోది, "మాట్లాడేందుకు మనిషి లేదు." ఆసుపత్రిలో పరిచయమైన నలుగురు తల్లులు నెలకో ఆదివారం ఒకరింట్లో కలుసుకుంటున్నారు. ఒకామె బిడ్డ దక్కలేదు. ఆమె కూడా వస్తుంది. మొదటిసారి ఎవరికీ నోట మాట రాలేదట. ఆమె సంచిలోంచి జంతికల డబ్బా తీసి పిల్లలకు పంచిపెట్టి, "వీళ్ళను చూద్దామనే వచ్చాను" అందట. ఆ మాట నాకు చెబుతూ మా అమ్మాయి మళ్ళీ ఏడ్చింది. ఈసారి నేను ఎందుకని అడగలేదు.

మొన్న వాడికి నిజంగానే జ్వరం వచ్చింది. రాత్రి పదింటికి పైనుంచి పిలుపు. వెళ్ళేసరికి తల్లి చేతిలో థర్మామీటరు, ఎదురుగా బీరువా తలుపు మీది కాగితం. చేతులు వణుకుతున్నాయి, కాని వరుసగా చదువుతోంది. తండ్రి ఆ రాత్రి బయటికి పోలేదు. పక్కనే కూర్చుని తడిగుడ్డ వేశాడు. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. మర్నాడు పరీక్ష చేస్తే మామూలు పడిశం జ్వరం. నాలుగు రోజుల్లో పిల్లవాడు వీధిలో క్రికెట్ ఆడుతున్నాడు. తల్లికి తేరుకోవడానికి పది రోజులు పట్టింది. పట్టనివ్వండి. ఇదివరకైతే నెల పట్టేది.

మీ వీధిలోనూ, మీ చుట్టాల్లోనూ ఇలాంటి ఇల్లు ఉండే ఉంటుంది. పిల్లవాడి జబ్బు తగ్గిందని తెలిస్తే తప్పకుండా వెళ్ళండి, పళ్ళు పట్టుకెళ్ళండి. కాని "ఇక నీకు దిగులెందుకు" అని మాత్రం నాలాగ అనకండి. పిల్లవాడి తల నిమిరాక, ఒక్క క్షణం తల్లి వైపు తిరిగి "నువ్వు అన్నం తిన్నావా? రాత్రి నిద్రపోయావా?" అని అడగండి. రెండో పాపను ఒక సాయంత్రం మీ ఇంటికి తీసుకెళ్ళి ఆడించండి. రక్తపరీక్ష నాడు ఆ తండ్రికి తోడుగా మీవారిని పంపండి. పెద్ద పెద్ద డాక్టర్లు 70 ఏళ్ళకు నేర్చుకున్న పాఠం ఇది. మనకు నేర్చుకోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

సెలవు.